నాడీకణాన్ని చూపిన కహాల్

కాలిలో ముల్లు గుచ్చుకుంటుంది. మరుక్షణమే కాలు వెనక్కు లాక్కుంటాం. ముల్లు గుచ్చుకున్న సంగతి కాలినుండి వెన్నుపాముకు చేరడం, అక్కడినుండి కండరాలకు ఆజ్ఞ రావడం రెప్పపాటులో జరిగిపోతాయి. ఈ వార్తలను మోసేవి నాడులు. నాడీమండలం లెక్కకు అందనన్ని నాడీకణాలతో ఏర్పడిందనీ, వాటిలో ప్రతి కణం దేనికది విడిగా ఉంటుందనీ విజ్ఞాన శాస్త్రంలో చదువుకుంటాం. పుస్తకంలో ఒక్క వాక్యంలో ఇమిడిపోయే ఈ సత్యాన్ని 1888కి ముందు కొందరు ఊహించారు గాని, కంటికి కనిపించేటట్లు చూపినవారు లేరు. ఆ పని చేసినవాడు స్పెయిన్ దేశానికి చెందిన సాంతియాగో రామోన్ ఈ కహాల్.

ఆ సత్యం అంతకాలం ఎందుకు మరుగున ఉండిపోయింది? మంచి సూక్ష్మదర్శినులు అప్పటికే ఉన్నాయి. కాని కణజాలాన్ని పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టినంత మాత్రాన అందులోని నిర్మాణం తెలియదు. కణజాలం దాదాపు రంగులేనిది. కాంతి దాని గుండా సాగిపోతుంది. అందువల్ల శాస్త్రజ్ఞులు బట్టల అద్దకంలో వాడే రంగులను ఆశ్రయించారు. కొచినీల్ అనే పురుగునుండి తీసిన కార్మైన్, మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవనుండి తీసిన హెమటాక్సిలిన్ అటువంటివి. ఈ రంగులు కాలేయంలోను, చర్మంలోను కణాలను చక్కగా చూపాయి. మెదడు విషయంలో మాత్రం అవి చాలలేదు. నాడీకణానికి ఎన్నో కొమ్మలుంటాయి. ఒక కణం కొమ్మలు పక్క కణాల కొమ్మలతో చిక్కగా అల్లుకొని ఉంటాయి. దట్టమైన మర్రితోపులో నిలబడి చూస్తే ఏ ఊడ ఏ చెట్టుదో చెప్పలేం. మెదడును పరిశీలించేవారి స్థితి అలాగే ఉండేది.

కహాల్ 1852 మే 1న స్పెయిన్ ఉత్తర ప్రాంతంలోని పెతీల్యా ద ఆరగోన్ అనే చిన్న కొండపల్లెలో జన్మించాడు. తండ్రి హుస్తో రామోన్ పల్లెలలో వైద్యం చేసేవాడు. పేదరికంలో పుట్టి, స్వయంకృషితో చదువుకొని పైకి వచ్చినవాడు. కొడుకు కూడా వైద్యుడు కావాలని ఆయన పట్టుదల. తల్లి అంతోనియా కహాల్. కొడుకు మనసేమో బొమ్మల మీద ఉండేది. కాగితం దొరికితే కాగితం మీద, లేకపోతే గోడల మీద, తలుపుల మీద బొమ్మలు గీసేవాడు. బొమ్మలు కూడు పెట్టవని తండ్రి నమ్మకం. ఒకసారి ఆ పిల్లవాడు గీసిన బొమ్మను, ఊరి చర్చి గోడలకు సున్నం వేసే పనివానికి చూపించాడు. అతడు అది బొమ్మే కాదని తేల్చాడు. దానితో ఇంట్లో రంగులకు, కుంచెలకు చోటు లేకుండా పోయింది.

బడిలోనూ అతనికి సుఖం లేదు. అర్థం తెలియకుండా వల్లెవేయడం అతనికి చేతకాలేదు. అల్లరికి మాత్రం లోటు లేదు. పదకొండేళ్ల వయసులో సొంతంగా ఒక ఫిరంగి తయారుచేసి, పొరుగువారి తోట తలుపును పేల్చి, కొద్దిరోజులు ఊరి చెరసాలలో గడిపాడు. విసిగిపోయిన తండ్రి అతన్ని కొంతకాలం మంగలి వద్ద, మరికొంతకాలం చెప్పులు కుట్టేవాని వద్ద పనికి పెట్టాడు. శిక్షగా అప్పగించిన ఆ చేతిపనులను కూడా అతడు శ్రద్ధగా నేర్చుకున్నాడు. కత్తి పట్టడం, తోలు కోయడం, సన్నని పని ఓపికగా చేయడం అతని చేతులకు అలవడ్డాయి.

1868 వేసవిలో తండ్రి ఒక ఉపాయం చేశాడు. కొడుకును వెంటబెట్టుకొని పాత శ్మశానానికి వెళ్లి, అక్కడ బయటపడి ఉన్న ఎముకలను చూపి శరీర నిర్మాణం బోధించాడు. ఎముకలను చూడగానే కుర్రవానిలోని చిత్రకారుడు మేల్కొన్నాడు. ప్రతి ఎముకను చేతిలోకి తీసుకొని, దాని వంపులు, గుంటలు గమనించి బొమ్మ గీశాడు. తండ్రి అడ్డుపెట్టిన విద్యే తండ్రి కోరిన చదువుకు దారి చూపింది. ఇద్దరి మధ్య ఎన్నో ఏళ్లుగా ఉన్న ఎడం ఆ వేసవితో తగ్గింది.

కహాల్ 1873లో సారగోసా నగరంలో వైద్యవిద్య పూర్తిచేశాడు. మరుసటి సంవత్సరం సైనిక వైద్యుడుగా క్యూబా దీవికి వెళ్లాడు. అప్పుడు ఆ దీవి స్పెయిన్ పాలనలో ఉండేది. అక్కడ చిత్తడి నేలల మధ్య ఉన్న సైనిక వైద్యశాలలో పనిచేస్తూ మలేరియా పాలై, బాగా నీరసించి 1875లో స్వదేశానికి తిరిగివచ్చాడు. 1877లో పైపట్టా పరీక్ష కోసం మాడ్రిడ్ వెళ్లినప్పుడు సూక్ష్మదర్శినిలో కణజాలాన్ని చూసే అవకాశం దొరికింది. ఆ లోకం ఆయనను కట్టిపడేసింది. సైన్యంలో పనిచేసి మిగుల్చుకున్న సొమ్ముతో, వాయిదాల మీద ఒక సూక్ష్మదర్శినిని కొన్నాడు. సారగోసాలో తన ఇంట్లోనే చిన్న ప్రయోగశాల ఏర్పాటు చేసుకున్నాడు. నేర్పే గురువు దగ్గర లేడు. పుస్తకాలు చదివి, తప్పిన ప్రయోగాన్ని మళ్లీ చేసి, తనకు తానే నేర్చుకున్నాడు. ఇంతలో క్షయవ్యాధి పట్టుకుంది. దానినుండి కోలుకున్న తరువాత 1879లో సిల్వేరియాను వివాహమాడాడు. వారికి ఏడుగురు సంతానం. తక్కువ రాబడిలో ఇల్లు గడుపుతూ, భర్త పరిశోధనకు కావలసిన ఖర్చును కూడా సర్దిపెట్టిన ఇల్లాలు ఆమె.

కహాల్ 1884లో వాలెన్సియా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించడం ప్రారంభించాడు. 1885లో ఆ ప్రాంతంలో కలరా చెలరేగింది. ఆ వ్యాధిని గురించి ఆయన చేసిన పరిశీలనకు మెచ్చి సారగోసా ప్రాంతీయ పాలకవర్గం ఒక మేలైన జైస్ సూక్ష్మదర్శినిని బహూకరించింది. సూక్ష్మజీవుల పరిశోధన ఆ రోజులలో కొత్త కీర్తిని తెచ్చే రంగం. కాని దానికి పెద్ద ప్రయోగశాల, చాలా ధనం కావాలి. కణజాల పరిశోధనకు పదునైన కత్తి, కొన్ని సీసాల రసాయనాలు, ఓపిక ఉంటే చాలు. కహాల్ తన స్తోమతుకు తగిన దారినే ఎంచుకున్నాడు.

1887లో ఒక పనిమీద మాడ్రిడ్ వెళ్లిన కహాల్‌కు అక్కడి వైద్యుడు లూయీస్ సిమార్రో కొన్ని స్లైడులు చూపించాడు. అవి ఇటలీ శాస్త్రజ్ఞుడు కెమిల్లో గాల్జి కనిపెట్టిన పద్ధతిలో తయారైనవి. జీవశాస్త్రంలో మనం చదివే గాల్జి సంక్లిష్టానికి ఆ పేరు ఈయననుండే వచ్చింది. పసుపురంగు నేపథ్యం మీద ఒక్కొక్క నాడీకణం, దాని కొమ్మలు, ఆ కొమ్మలకు పుట్టిన రెమ్మలు నల్లని సిరాతో గీసినట్లు స్పష్టంగా కనిపించాయి. మర్రితోపులో ఒకే చెట్టుకు మసి పూసి, మిగిలిన చెట్లను మాయం చేసినట్లుంది ఆ దృశ్యం.

గాల్జి ఈ పద్ధతిని 1873లో ప్రకటించాడు. అప్పుడాయన మిలాన్ నగరానికి దగ్గరలోని అబ్బియాతెగ్రాస్సో అనే ఊళ్లో, దీర్ఘరోగుల ఆసుపత్రిలో వైద్యుడు. ఒక వంటగదే ఆయన ప్రయోగశాల. మెదడు ముక్కను ముందు పొటాషియం డైక్రోమేట్ ద్రావణంలో ఉంచి గట్టిపరిచేవాడు. తరువాత సిల్వర్ నైట్రేట్ ద్రావణంలోకి మార్చేవాడు. ఈ రెండు రసాయనాలు కలిసినప్పుడు సిల్వర్ క్రోమేట్ ఏర్పడి కొన్ని కణాలలో పూర్తిగా నిండిపోతుంది. ఓటు వేసినప్పుడు వేలికి పెట్టే, మైసూరులో తయారయ్యే చెరగని సిరాలో ఉండేది కూడా సిల్వర్ నైట్రేటే. ఈ పద్ధతిలోని విశేషమేమంటే, నూటికి కొద్ది కణాలు మాత్రమే నల్లబడతాయి. అన్నీ నల్లబడితే మళ్లీ చీకటే మిగిలేది. ఏ కణం నల్లబడుతుందో, ఏది నల్లబడదో ముందుగా చెప్పలేం. దానికి కారణం ఈనాటికీ పూర్తిగా తేలలేదు.

ఇంత మంచి పద్ధతి వెలువడి పద్నాలుగేళ్లు గడిచినా దానిని వాడినవారు చాలా తక్కువ. అది నిలకడలేనిది. ఒకసారి కుదిరితే పలుమార్లు తప్పిపోయేది. పైగా ఆ నాటి శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది నాడీమండలమంతా ఒకటే అఖండమైన జాలకం అని నమ్మేవారు. నాడీకణాల కొమ్మలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి వలలా ఏర్పడ్డాయని వారి అభిప్రాయం. గాల్జి కూడా తాక్షణికంగా ఒక్కొక్క కణాన్ని విడిగా చూసినా, తంతువుల చివరలు కలిసి వలగా మారుతాయనే భావించాడు.

కహాల్ 1887 చివరలో బార్సెలోనా విశ్వవిద్యాలయానికి మారాడు. అక్కడ గాల్జి పద్ధతిని పట్టుకొని కూర్చున్నాడు. తనకు ఎంతో ఇష్టమైన చదరంగం ఆటను కూడా మానుకున్నాడు. పద్ధతి ఎందుకు తప్పుతున్నదో తెలుసుకోవడానికి ఒక్కొక్క మెట్టునూ విడివిడిగా పరీక్షించి మూడు మార్పులు చేశాడు.

మొదటి మార్పు వెండి పూతకు సంబంధించినది. తాజాగా తీసిన కణజాలాన్ని కొద్ది మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, పొటాషియం డైక్రోమేట్, ఆస్మిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో రెండు మూడు రోజులు ఉంచేవాడు. తరువాత సిల్వర్ నైట్రేట్‌లో ఒకటి రెండు రోజులు ఉంచేవాడు. గాల్జి పద్ధతిలో పని ఇంతటితో ముగుస్తుంది. కహాల్ ఆ ముక్కలను మళ్లీ మొదటి ద్రావణంలోకి, అక్కడినుండి మళ్లీ సిల్వర్ నైట్రేట్‌లోకి మార్చేవాడు. ఇలా రెండుసార్లు చేయడంతో తప్పిపోయే ప్రయోగాలు తగ్గాయి. ద్రావణంలో ఎక్కువ కాలం ఉన్నా, తక్కువ కాలం ఉన్నా ముక్క పాడవుతుంది. వాతావరణంలోని వేడిని బట్టి కూడా కాలాన్ని మార్చాలి. అందుకే ఏ సీసాలో ఏ ముక్క ఎంతసేపు ఉన్నదో జాగ్రత్తగా గమనించవలసి వచ్చేది.

రెండవ మార్పు ముక్కలను కోయడంలో. అప్పటి పరిశోధకులు వీలైనంత పలుచని ఛేదాలకోసం ప్రయత్నించేవారు. పలుచగా కోస్తే పొడవైన కొమ్మ మధ్యలోనే తెగిపోతుంది. దాని చివర ఎక్కడ ఉన్నదో తెలియదు. అందువల్ల కహాల్ ఛేదాలను కొంత మందంగా కోశాడు. వాటిలోని నీటిని ఆల్కహాల్‌తో తొలగించి, లవంగ నూనెతో పారదర్శకంగా చేసి, గాజు పలక మీద రెసిన్‌లో నిలిపేవాడు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. అది పదార్థాన్ని ఎన్నుకోవడంలో చేసిన మార్పు. ఎదిగిన జంతువుల నాడీతంతువుల చుట్టూ మయలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. తొడుగు ఉన్నచోటికి వెండి సరిగా చొరబడదు. పిండంలోను, అప్పుడే పుట్టిన ప్రాణులలోను ఆ తొడుగు ఇంకా ఏర్పడి ఉండదు. కణాలు చిన్నవిగా, కొమ్మలు పొట్టిగా ఉంటాయి. ఎదిగిన అడవిలో దారి దొరకనప్పుడు, మొక్కలు ఇంకా లేతగా ఉన్న తోటలో వెతకడం మేలుకదా! కహాల్ కోడిగుడ్లలోని పిండాలను, చిన్న పక్షిపిల్లలను, పాలు తాగే జంతువుల పిల్లలను తీసుకొని పరిశీలించాడు.

ఇప్పుడు చిన్ననాటి చిత్రకళ అక్కరకు వచ్చింది. సూక్ష్మదర్శినిలో ఒకే ఛేదాన్ని గంటల తరబడి చూసి, ఆ పైన తాను చూసినదానిని కాగితం మీద గీసేవాడు. మళ్లీ స్లైడుతో పోల్చి సరిదిద్దేవాడు. ఒకే రకం కణాన్ని అనేక స్లైడులలో చూసిన తరువాతగాని దాని ఆకారాన్ని నిర్ణయించేవాడు కాడు.

1888లో పక్షుల చిన్నమెదడును పరిశీలిస్తున్నప్పుడు ఆయన వెతుకుతున్న ఆధారం దొరికింది. అక్కడ పర్కింజి కణాలనే పెద్ద నాడీకణాలు ఉన్నాయి. మరొక రకం కణాల తంతువులు వచ్చి, ఆ పెద్ద కణాల చుట్టూ బుట్టలాగా అల్లుకొని ఉన్నాయి. అల్లుకొని అక్కడే ఆగిపోయాయి. ఎంత వెతికినా ఒక కణం తంతువు మరొక కణంలో కలిసిపోయిన జాడ కనిపించలేదు. నేత్రపటలంలోను, వెన్నుపాములోను ఇదే కనిపించింది. ప్రతి నాడీకణమూ దేనికది విడి కణమే. ఒకటి మరొకదానిని సమీపిస్తుంది, కలిసిపోదు. అందరూ అఖండమైన వల అనుకున్నది, నిజానికి వేర్వేరు కణాల సమూహం.

సత్యం దొరికింది. దానిని లోకానికి చెప్పడం మరొక కష్టం. కహాల్ మాతృభాష స్పానిష్. ఆనాడు విజ్ఞానమంతా జర్మన్, ఫ్రెంచ్, ఇంగ్లీషు భాషలలో సాగేది. స్పానిష్ చదివే శాస్త్రజ్ఞులు ఇతర దేశాలలో అరుదు. ఆయన వెనుకంజ వేయలేదు. 1888 మే నెలలో సొంత ఖర్చుతో ఒక త్రైమాసిక పత్రికను ప్రారంభించి, అందులో తన వ్యాసాలు ప్రచురించాడు. అచ్చువేసినవి అరవై ప్రతులు. వాటిలో ఎక్కువ భాగం విదేశాలలోని శాస్త్రజ్ఞులకు పంపాడు. పెద్దగా స్పందన రాలేదు. అప్పుడు తన వ్యాసాలను ఫ్రెంచ్‌లోకి తెచ్చి విదేశీ పత్రికలకు పంపసాగాడు.

అయినా చదివినవారు నమ్ముతారన్న భరోసా లేదు. కళ్లతో చూస్తేనే నమ్ముతారని కహాల్ గ్రహించాడు. దాచుకున్న డబ్బు తీసుకొని, తన స్లైడులను, సూక్ష్మదర్శినిని మోసుకొని 1889 అక్టోబరులో బెర్లిన్‌లో జరిగిన జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుల సభకు వెళ్లాడు. ఆయనకు జర్మన్‌లో మాట్లాడడం రాదు. ఫ్రెంచ్ కూడా అంతంతమాత్రమే. బల్లమీద సూక్ష్మదర్శినులు అమర్చి, స్లైడులు పెట్టి, వచ్చి చూడమని పెద్దలను బతిమాలాడు. మొదట నిర్లక్ష్యంగా వచ్చినవారు చూసి ఆశ్చర్యపోయారు. వారిలో 72 ఏళ్ల ఆల్బర్ట్ ఫోన్ కోలికర్ ఒకడు. ఆనాటి కణజాల శాస్త్రజ్ఞులలో ఆయన అగ్రగణ్యుడు. జాలక సిద్ధాంతాన్ని ఆదరించినవాడు. స్లైడులు చూసి తన అభిప్రాయం మార్చుకున్నాడు. తానే ఆ పద్ధతిలో ప్రయోగాలు చేసి, కహాల్ చెప్పినది సరైనదని ప్రకటించాడు. అంతేకాదు, కహాల్ వ్యాసాలు చదవడానికి ఆ వయసులో స్పానిష్ నేర్చుకున్నాడు. విషయం విలువైనదైతే దానికోసం భాష నేర్చుకొనేవారు కూడా ఉంటారు.

1891లో జర్మన్ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ వాల్డయర్ ఈ పరిశోధనలను సమీక్షిస్తూ నాడీకణానికి న్యూరాన్ అనే పేరు పెట్టాడు. నాడీకణంలో వార్త ఏ దిక్కుగా పోతుందో కూడా కహాల్ ఊహించి చెప్పాడు. డెండ్రైట్ల ద్వారా వార్త కణదేహానికి చేరుతుంది, తంత్రికాక్షం ద్వారా వెలుపలికి పోతుంది. ఆయన బొమ్మలలో కనిపించే చిన్న బాణం గుర్తులు ఈ దిక్కును సూచిస్తాయి.

1892లో కహాల్ మాడ్రిడ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1894లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను ఆహ్వానించి ప్రసంగం చేయించింది. 1906లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతిని గాల్జికి, కహాల్‌కు కలిపి ఇచ్చారు. ఒకరు పద్ధతిని ఇచ్చినవారు, మరొకరు ఆ పద్ధతితో సత్యాన్ని రాబట్టినవారు. వారిద్దరూ కలుసుకున్నది స్టాక్‌హోమ్‌లోని ఆ సభలోనే. గాల్జి తన ప్రసంగంలో న్యూరాన్ సిద్ధాంతాన్ని ఖండించాడు. మరునాడు కహాల్ తన ప్రసంగంలో ఆధారాలను వరుసగా వివరించాడు. అభిప్రాయాలు కలవకపోయినా, ఆ పద్ధతి గాల్జిదేనని చెప్పడానికి కహాల్ ఎన్నడూ వెనుకాడలేదు.

బహుమతి వచ్చిన తరువాత కూడా ఆయన పని మానలేదు. వెండితో ఒక కొత్త పద్ధతిని బహుమతికి ముందే 1903లో రూపొందించిన ఆయన, బంగారు లవణంతో మరొక పద్ధతిని 1913లో రూపొందించాడు. చివరిదాని సహాయంతో నాడీకణాలకు తోడుగా ఉండే నక్షత్రాకార కణాలు స్పష్టంగా కనిపించాయి. ఆయన శిష్యులు, సహచరులు స్పెయిన్‌లో కణజాల శాస్త్రానికి గొప్ప సంప్రదాయం నెలకొల్పారు. కహాల్ 1934 అక్టోబరు 17న మాడ్రిడ్‌లో తన 82వ ఏట మరణించాడు.

ఆయన పోయిన ఇరవై ఏళ్ల తరువాత, 1950 దశకంలో, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రెండు నాడీకణాల మధ్య ఉన్న ఎడాన్ని చూపింది. అది మిల్లీమీటరులో దాదాపు 50,000వ వంతు. కహాల్ సూక్ష్మదర్శినికి అంత సన్నని ఎడం కనిపించే అవకాశమే లేదు. తంతువుల చివరలను ఓపికగా వెతికి ఆయన చేసిన నిర్ణయం నిజమైంది. కొన్నిచోట్ల పక్కపక్క కణాలను అతి సన్నని మార్గాలు కలుపుతాయని కూడా తరువాత తెలిసింది. అయినా అక్కడ సైతం ప్రతి కణం తన హద్దును నిలుపుకొంటుంది. కహాల్ చిత్రాలు, స్లైడులు ఉన్న సేకరణను 2017లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

ఈనాడు ఆసుపత్రిలో ఒక రోగి శరీరంనుండి చిన్న గడ్డను తీస్తే, దానిని ఫార్మలిన్‌లో వేసి, సీసామీద పేరు రాసి, ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ మైనంలో పొదిగి, పలుచగా కోసి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు అద్ది పరీక్షిస్తారు. అది మామూలు గడ్డో, ప్రాణం తీసే గడ్డో తేలేది ఆ గాజు పలక మీదనే. ముక్క ఎండిపోయినా, పేరు తారుమారైనా, రంగు సరిగా పట్టకపోయినా ఎంతటి నిపుణుడైనా పొరపడతాడు. కంటికి సత్యం కనబడాలంటే ముందు చేయి శ్రద్ధగా పనిచేయాలి. బీద పల్లెలో పుట్టి, ఇంటిగదిలో పనిచేసి, తన సొంత భాషలో రాసి ప్రపంచాన్ని ఒప్పించిన కహాల్ జీవితం ఆ శ్రద్ధకు నిదర్శనం.